తడక అవతల ఎనిమిదో తరగతి

పొద్దున్నే మా ఇంట్లో గొడవ. బడి వ్యాను రాలేదట. టైరు పంక్చరో, డ్రైవరుకు జ్వరమో, ఏదో ఒకటి. వ్యాను రాలేదు కనుక ఇవాళ బడి లేనట్టేనని మా మనవరాలు పుస్తకాల సంచి మంచం మీదికి విసిరేసి టీవీ పెట్టుకుంది. మా కోడలు కూడా "పోనీ తియ్ అత్తమ్మా, ఒక్కరోజే గదా" అంది. బడి ఏమైనా కాశీలో ఉందా? మోకాళ్ళ నొప్పులతో నేను కూడా నడిచి వెళ్ళి రాగలిగినంత దూరం. "బండి రాకపోతే బడి లేనట్టేనానే?" అని నేను అరిచిన అరుపుకు పిల్ల రిమోట్ కింద పడేసింది. కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఈ ముసలిదానికి ఇవాళేం పుట్టింది అనుకునే ఉంటుంది.

నాకేం పుట్టిందో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. మా కాలువల్లో నీళ్ళు నిండుగా పారుతూ, బోధన్ చుట్టూ ఎటు చూసినా చెరుకే కనిపించే రోజులకు.

మా ఊరు బోధన్‌కు దగ్గరే అని చెప్పుకునేవాళ్ళం. దగ్గరంటే ఎద్దులకు దగ్గర. కాళ్ళకు కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గానుగ మొదలైందంటే గాలి అటు నుంచి తిరిగినప్పుడల్లా పులిసిన బెల్లంలాంటి మడ్డి వాసన ఇళ్ళల్లోకి వచ్చేది. కొత్తగా వచ్చిన కోడళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన వస్తేనే చలికాలం వచ్చినట్టు. ఇంకో పక్క ఊరి పెద్ద పటేల్ గారి చేలో పసుపు ఉడకబెట్టేవాళ్ళు. ఆ ఆవిరి, ఈ మడ్డి కలిసి ఊరంతా ఒక రకమైన తీపి కంపు కొట్టేది. ఆ కంపులోనే పుట్టాం, ఆ కంపులోనే పెరిగాం.

మా బాపు పటేల్ గారింట్లో జీతానికుండేవాడు. ఎద్దులు ఆయన లోకం. పటేల్‌కు ఒక సవారి కచ్చరం ఉండేది. పైన గూడు, లోపల పరుపు, వెనక తెర, ఎద్దుల మెడలో మువ్వలు. దాన్ని తోలడం మా బాపు పని. ఆ ఎద్దులకు ఆయన చేసిన సేవ నాకు గానీ మా తమ్ముడికి గానీ ఏనాడూ చేయలేదు. ఈ మాట మా అవ్వ, అదే మా అమ్మ, రోజుకు ఒకసారైనా అనేది.

పటేల్‌కు ఒక్కతే బిడ్డ. నా ఈడుదే. ఊళ్ళో అందరూ ఆమెను చిన్నదొరసాని అనేవాళ్ళు. పటేల్‌కు ఆ పిల్లంటే ప్రాణం. బోధన్‌లో ఆడపిల్లల బడిలో చదివించాలని ఆయనకు ముచ్చట పుట్టింది. కానీ ఇంట్లో చెల్లేది ఆయన మాట కాదు, ఆయన తల్లి పెద్దదొరసాని మాట. ఆవిడ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, దవడలో తంబాకు పెట్టుకుని ఊరిని ఏలేది.

"ఆడివిల్ల బస్తీకి ఒక్కతే పోవుడేందిరా? మంది ఏమనుకుంటరు?" అంది కొడుకుతో. తర్వాత ఎద్దులకు కుడితి పెడుతున్న మా బాపును పిలిచింది. "ఏమిరా, నీ బిడ్డ ఇంట్ల ఏం జేస్తుంది?"

"ఏమున్నది దొరసాని, మ్యాకల కాడికి పోతది."

"మ్యాకలు ఎటువోవు గని, దాన్ని గూడ కచ్చరంల ఎక్కియ్యి. మా పిల్ల పక్కన కూసుంటది. తోడుంటది. ఏడో తరగతి దాంక సదివిపిస్తం. గంతే. ఏడు పాసైతె సంబంధాలు సూస్తం."

నా చదువు అలా ఒకటో తరగతి నుంచి మొదలైంది. మా అవ్వ నెత్తి కొట్టుకుంది. "అది సదివి కలకటేరైతదా? మ్యాకలను నీ అయ్య కాస్తడా?" అని బాపు మీద పడింది. బాపు ఎప్పటిలాగే ఎద్దుల కొమ్ములకు నూనె రాస్తూ పోయాడు. నేను మాత్రం ఆ రాత్రి సంతోషంతో అన్నం సరిగా తినలేదు. నాకు చదువంటే ఏమిటో తెలియదు. కచ్చరం ఎక్కుతానన్నదే సంతోషం.

కచ్చరంలో కూడా మర్యాద ఉండేది. ఊరు దాటేదాకా నేను కొసకు ఒదిగి కూర్చుని "చిన్నదొరసాని, జరుగుండ్రి" అనేదాన్ని. కాలువ వంతెన దాటగానే "ఏందే, గంత జాగ నీకేనా?" అని తోసేదాన్ని. ఆమె నన్ను గిల్లేది. ముందు కూర్చున్న మా బాపుకు అన్నీ వినిపించేవి. ఆయన ఎద్దులతో మాట్లాడుతున్నట్టు నటించేవాడు. సాయంత్రం తిరుగుదారిలో వంతెన రాగానే నేను మళ్ళీ ఒదిగిపోయేదాన్ని. ఈ నాటకం మాకు ఎవరూ నేర్పలేదు.

గానుగ రోజుల్లో దారి పొడుగునా చెరుకు బండ్లు బారులు తీరి ఉండేవి. మేము తెర సందులోంచి చేయి బయటికి పెట్టి గడలు లాగేవాళ్ళం. బండివాడు చూస్తే ఆమె తెర తీసి మొహం చూపించేది. "పటేల్ బిడ్డా? తీస్కో తల్లీ, ఇంకోటి తీస్కో" అని వాళ్ళే విరిచి ఇచ్చేవాళ్ళు. అదే గడ నేను లాగుతూ దొరికితే "దొంగముండా" అనేవాళ్ళు. చెరుకు ఒకటే, బండి ఒకటే. మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బాలో నెయ్యి కారే పూరీలు ఉండేవి. నా గుడ్డమూటలో జొన్నరొట్టె, ఎర్రకారం. ఆమె నా రొట్టె లాక్కుని కళ్ళ నీళ్ళు కారేదాకా తినేది. నాకు పూరీలు. ఈ బేరంలో మాత్రం నాకు ఏనాడూ నష్టం రాలేదు.

మా బడి ఒక పాత బంగళా. ఏడో తరగతికి, ఎనిమిదో తరగతికి కలిపి ఒకటే పెద్ద హాలు. మధ్యలో వెదురు తడక. బెంచీలు చేయించి ఇచ్చింది మా పటేలే. ఆ సంగతి బెంచీల వెనక తెల్ల రంగుతో రాసి ఉండేది. నేను ఆయన పేరుకు వీపు ఆనించి కూర్చుని చదువుకున్నాను.

చదువు నాకు అంటుకుంది. ఎందుకు అంటుకుందో నాకు తెలియదు. మేకల వెంట తిరిగిన పిల్లకు పుస్తకంలో అక్షరాలు కనిపిస్తే ఎక్కడికో దారి దొరికినట్టు ఉండేది. ఏడో తరగతికి వచ్చాక పెద్ద పరీక్ష పెట్టారు. నేను పాసయ్యాను. చిన్నదొరసాని ఫేలయింది.

ఆ సాయంత్రం బాపు కచ్చరం తోలుతూ మొదటిసారి పాట పాడాడు. ఆమె నా పక్కనే కూర్చుని హాయిగా చెరుకు నములుతోంది. ఏడుస్తుందేమోనని నేను ఓదార్చబోతే "నాకేమైందే? నువ్వు జరుగు" అంది. ఎనిమిదో తరగతి వాళ్ళకు కొత్తగా వచ్చే లెక్కల పుస్తకం ఎలా ఉంటుందా అని నేను కలలు కంటున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా పూజారి నులకమంచం మీద కూర్చుని ఉంది.

"అది ఎనిమిదిల కూసుంటె ఇది ఏడుల ఒక్కతే కూసుంటదా?" అంది పెద్దదొరసాని. "గీ అర్రల ఇది, గా అర్రల అది. తోడెట్లయితది?"

"ఒక్కటే అర్ర దొరసాని. నడుమ తడకనే" అన్నాను నేను. అంత పెద్దవాళ్ళ మధ్య మాట్లాడటం అదే మొదలు. బాపు నా భుజం నొక్కాడు.

"తడక తడకనే" అంది ఆవిడ. "మా పిల్ల పాసైన దాంక నువ్వు దాని పక్కననే కూసో. ఏం, ఏడో తరగతి కరుస్తదా?"

మరుసటి రోజు పటేల్ స్వయంగా బడికి వచ్చాడు. మా పెద్ద పంతులమ్మది కోస్తా వైపు. ఆవిడ కళ్ళద్దాలు తీసి పట్టుకుని అడిగింది. "ఇదేం చోద్యమండీ? పాసైన పిల్లను మళ్ళీ అదే తరగతిలో కూర్చోబెట్టమంటారా?"

"పాసు ఎటువోతదమ్మా, గట్లనే ఉంటది. పిల్ల పక్కన పిల్ల కూసుంటె మీ సర్కారుకేం నష్టం?" అన్నాడు పటేల్. ఆయన మంచివాడే. ఎవరినీ కసిరిన మనిషి కాదు. ఆ మాట కూడా నవ్వుతూనే అన్నాడు. అంటూ అంటూ హాలు చుట్టూ చూసి, "వానకాలం ఈ కప్పు గూడ బాగుచేపిద్దాం" అన్నాడు. పంతులమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. కప్పు నిజంగానే కారుతోంది మరి. నా ఒక్కదాని ఎనిమిదో తరగతి కోసం బడి అంతటినీ వానలో తడపమని ఆవిడను ఎలా అడుగుతాం?

ఇంటికి వచ్చి బాపు మీద విరుచుకుపడ్డాను. ఆయన నా నెత్తి నిమిరి, "సదివిందే మల్ల సదివితె ఇంక గట్టిగైతది బిడ్డా. దుక్కి రెండుమాట్ల దున్నమా?" అన్నాడు. ఏం చెప్తాం ఆ మనిషికి?

అలా ఏడో తరగతి రెండోసారి చదివాను. పాఠాలన్నీ నోటికి వచ్చేశాయి. పంతులమ్మ నోరు తెరవకముందే తర్వాతి మాట నాకు తెలిసేది. అందుకని చెవి తడక అవతలికి పారేశాను. అక్కడ ఎనిమిదో తరగతి నడుస్తోంది. నాతో పాటు పాసైన పిల్లలే అక్కడ కూర్చుని ఉన్నారు. తెలుగు పాఠం వినడానికి బాగుండేది. చరిత్ర కూడా ఫరవాలేదు. లెక్కలు వచ్చాయంటే మాత్రం నాకు పిచ్చెక్కేది. అవతల లెక్కల పంతులమ్మ బోర్డు మీద సుద్దముక్కతో టకటకా గీసి, "ఇదిగో, ఈ కోణం చూడండి. ఇది ఆ కోణానికి సమానం. ఈ గీతను ఇక్కడిదాకా పొడిగిస్తే ఏమవుతుంది?" అనేది. ఏ గీత? ఎక్కడిదాకా? ఏ కోణం తల్లీ? అవతల పిల్లలంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పేవాళ్ళు. నేను ఇవతల పలక మీద తోచిన గీతలు గీసి, తోచిన చోటికి పొడిగించేదాన్ని. ఒకసారి తడకలో వెదురుబద్ద జరిపి సందు చేశాను. ఆ సందులోంచి నాకు కనిపించింది ఒక పిల్ల జడ, జడకు కట్టిన రిబ్బను. బోర్డు ఇంకో వైపు ఉంది. ఆ ఏడంతా ఆ రిబ్బను చూస్తూ చెవులతో జామెట్రీ చదివాను. అలా చదివిన జామెట్రీ ఎంత వచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి.

చలికాలంలో ఒకరోజు మా తరగతి పంతులమ్మ రాలేదు. పెద్ద పంతులమ్మ నన్ను లేపి, "నీకన్నీ వచ్చు కదా, వీళ్ళతో లెక్కలు చేయించు" అని వెళ్ళిపోయింది. నేను గర్వంగా బోర్డు దగ్గర నిలబడ్డాను. తొట్టి లెక్క. ఒక నల్లా తొట్టిని నింపుతుంది, ఇంకోటి ఖాళీ చేస్తుంది. ఈ లెక్క పెట్టిన మహానుభావుడెవరో రెండో నల్లా కట్టేస్తే సరిపోయేది కదా. ధ్యాస సగం తడక అవతలే ఉండటంతో నేను తడబడ్డాను. వెనక బెంచీలోంచి గొంతు వినిపించింది.

"రెండో నల్లా నీళ్లు తీస్తది గదనే. కలుపుతున్నవేంది? తీసెయ్." చెప్పింది చిన్నదొరసాని. కిటికీ బయట బండ్లు చూస్తూ, తల కూడా తిప్పకుండా చెప్పింది. తర్వాత జవాబు కూడా చెప్పింది.

నా చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. మధ్యాహ్నం ఆమెను బడి వెనకకు చేయి పట్టి ఈడ్చుకుపోయాను.

"నీకు లెక్కలు వస్తయా?"

"ఎందుకు రావు? పెద్ద ముచ్చటనా?"

"మరి ఫేలెట్లయినవే?"

ఆమె నా రొట్టె నములుతూ, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది. "ఏడు పాసైతె సంబంధాలు సూస్తమన్నది మా నాయనమ్మ. ఫేలైతె ఇంకో సాల్ బడి. అందుకే ఉత్త కాయిదం ఇచ్చచ్చిన. గింత సీదా లెక్క నీకు సమజ్ కాలేదా?"

ఒళ్ళు మండిపోయింది. "నువ్వు ఫేలైతె నేను గీ ఏడుల్నే ముసల్దాన్నయిత గదనే!"

"నేను పాసైతె మాత్రం? నా లగ్గమైతది. కచ్చరం బందు. నువ్వు ఇంట్ల మ్యాకలు కాస్తవ్. ఎటు సూసినా నేను ఫేలవుడే నీకు మంచిది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా చదువును అంత తేలికగా రొట్టె ముక్కలా తుంచి చూపించింది. ఇంకా కోపం తెప్పించే సంగతేమిటంటే, ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నేను రాత్రంతా చదివినా, చదవకపోయినా నేను ఏ తరగతిలో కూర్చోవాలో ఆమె కాగితం చెప్తుంది. నేను ఏడ్చాను. ఆమె కూడా కొంచెంసేపు చూసి ఏడ్చింది. పెళ్ళంటే ఆమెకు నిజంగానే భయం.

ఉపాయం నాకే తట్టింది. మా ఊరి పక్కన కాలువ కింద కోస్తా నుంచి వచ్చినవాళ్ళ క్యాంపు ఉండేది. వాళ్ళల్లో ఒక పెద్ద రైతు ఉన్నాడు. ఆయన చెరుకు మా పటేల్ చెరుకు కన్నా పొడుగని ఊళ్ళో అనేవాళ్ళు. ఫ్యాక్టరీ ఆఫీసర్లు భోజనానికి వస్తే ముందు ఆ ఇంటికే వెళ్ళేవాళ్ళు. ఈ రెండు సంగతులూ పెద్దదొరసాని గొంతులో ముల్లులా ఉండేవి. ఆ రైతు కూతురు మా బడిలోనే ఎనిమిదో తరగతి. తడక సందులో నేను ఏడాదంతా చూసిన రిబ్బను ఆ పిల్లదే.

ఒక మధ్యాహ్నం పెద్దదొరసాని కాళ్ళు పిసుకుతూ మెల్లగా మొదలుపెట్టాను. "క్యాంపు పిల్ల ఎనిమిది సదువుతుంది దొరసాని."

"సదువుకోని. మనకేంది?"

"పది దాంక సదువుతదట. ఈ ఊరోళ్ల పిల్లలకు ఏడు దాటే తెలివి లేదంటున్నరు వాళ్లు."

వాళ్ళు అలా అన్నారా అంటే, నా చెవిన పడలేదు. అనకుండా ఉండి ఉంటారా అని నా ధైర్యం. ఆవిడ కాలు నా చేతుల్లోంచి లాక్కుంది. తంబాకు ఉమ్మేసింది.

"ఎవలే అన్నది? నెత్తిమీద మూటతోటి అచ్చినోళ్లు, మా కాలువ నీళ్లు తాగి మమ్ములనే అంటరా? మా పిల్ల పది సదువుతది. దాని అయ్య సదివిపిస్తడు. ఎవడు ఆపుతడో నేనూ సూస్త!"

ఆపింది ఈవిడే కదా! నోటిదాకా వచ్చిన మాటను మింగి రెండో కాలు అందుకున్నాను. సాయంత్రం కచ్చరంలో సంగతి చెప్తే చిన్నదొరసాని నన్ను కౌగిలించుకుని పరుపు మీద పడేసింది. మా బాపు "హోయ్ హోయ్" అని ఎద్దులను అదిలించాడు.

ఆ ఏడు ఆమె పరీక్ష రాసింది. కాగితాల మీద కాగితాలు అడిగి తీసుకుని మరీ రాసింది. పాసయింది. పటేల్ ఇంట్లో బెల్లం పరమాన్నం వండి ఊరంతా పంచారు. నేను మూకుడు నాకి మరీ తిన్నాను. ఎనిమిదో తరగతిలో బోర్డుకు ఎదురుగా ఏ బెంచీ మీద కూర్చోవాలో మేమిద్దరం అప్పుడే తేల్చేసుకున్నాం.

వేసవి వచ్చింది. మామిడికాయలు కొట్టి, ఆవపిండి, మెంతిపిండి కలిపే రోజులు. పటేల్ గారి వాకిట్లో మా అవ్వ, నేను ముక్కలు తుడుస్తున్నాం. పెద్దదొరసాని నూనె పోయిస్తూ ఎవరితోనో గొప్పగా చెప్తోంది. "క్యాంపోళ్ల పిల్ల బోధన్ల సదువుతుంది గద. మా పిల్లను నిజామాబాద్ పంపుతున్నం. హాస్టల్ల ఉంటది. వాళ్లు నోరు ముయ్యాలె."

నా చేతిలో మామిడిముక్క అలాగే ఉండిపోయింది. "మరి నేను దొరసాని?" అన్నాను.

"నువ్వెందుకే? హాస్టల్ల మస్తుమంది పిల్లలుంటరట. తోడుకు కొదువ లేదు" అంది ఆవిడ. అని, "పెద్ద ముక్కలు ఈ జాడీలెయ్యి" అని చూపించింది. కోపంగా అనలేదు. అసలు అందులో కోపపడాల్సిందేదీ ఆవిడకు కనిపించలేదు. నేను తోడు. అవసరం తీరింది. తాను తీసిన గోతిలో తానే పడటమంటే అంతకన్నా ఏముంటుంది?

చిన్నదొరసాని పరుగెత్తుకుంటూ మా గుడిసెకు వచ్చింది. ఏడ్చింది. "నువ్వు గూడ రావే నిజామాబాద్" అంది.

"ఎట్లస్తనే?"

"మీ బాపుకు జెప్పు. తోలిస్తడు."

నాకు ఆమెను కొట్టాలనిపించింది, నిజంగా. 'మీ బాపుకు చెప్పు' అట. వాళ్ళ బాపుకు చెప్తే జరుగుతుంది కనుక లోకంలో బాపులందరికీ చెప్తే జరుగుతుందనుకునేది ఆ పిచ్చిది. మంచి మనసుతోనే అంది. ఆ మంచి మనసును ఏం చేసుకోను?

బడులు తెరిచే రోజు వచ్చింది. తెల్లవారుజామునే బాపు కచ్చరం కట్టి, పటేల్‌ను, చిన్నదొరసానిని, కొత్త ట్రంకుపెట్టెను ఎక్కించుకుని బోధన్ స్టేషన్‌కు వెళ్ళాడు. వాళ్ళు రైల్లో నిజామాబాద్ వెళ్తారు. కచ్చరం పోయి బాగా పొద్దెక్కాక నేను ఉతికిన లంగా కట్టుకుని, జడ వేసుకుని, మేకలను తమ్ముడికి అప్పజెప్పి బయటపడ్డాను. అవ్వ "యాడికే?" అంటే "గడ్డికి" అన్నాను. వంతెన దాటి బోధన్ దారి పట్టాను. తొలకరి పడి బురద బురదగా ఉంది. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. ఎదురొచ్చినవాళ్ళు ఆగి ఆగి చూశారు. "ఎవల బిడ్డవే? ఒక్కదానివే యాడికి?" అని ఒకావిడ గద్దించింది కూడా. నేను నడక ఆపలేదు. పెద్ద పంతులమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడితే చాలు, ఆవిడ నన్ను ఎనిమిదిలో రాసుకుంటుంది. ఇప్పుడు నేను ఎవరి పక్కనా కూర్చోనక్కర్లేదు కదా.

సగం దూరం వెళ్ళాను. ఎదురుగా మువ్వల చప్పుడు. నాకు తెలిసిన మువ్వలే. కచ్చరం ఖాళీగా తిరిగి వస్తోంది.

బాపు నన్ను చూసి పగ్గాలు లాగాడు. దిగాడు. నా మొహం చూశాడు, బురద కాళ్ళు చూశాడు. ఆయనకు తెలిసిపోయింది.

"బడికి పోత బాపు" అన్నాను. "నన్ను దింపు. ఇంకేమద్దు. రేపటి సంది నేనే నడుస్త."

"పటేల్ బిడ్డనే ఒక్కదాన్ని తోలియ్యలె బిడ్డా. నువ్వు ఒక్కదానివే రోజు గీ తొవ్వల పోతె మంది మనను బతుకనిస్తరా?"

"అయితె నువ్వే దింపు. బండి ఖాళీగనే ఉన్నది గద."

ఆయన కచ్చరం వైపు చూశాడు. పరుపు ఉంది, తెర ఉంది, ఎద్దులు ఉన్నాయి, తోలే మనిషి ఉన్నాడు. బండి మలపడానికి రోడ్డు కూడా కావలసినంత వెడల్పుంది.

"ఖాళీగున్నదని మనదైతదా?" అన్నాడు. "పటేల్ బండి. పటేల్ ఎడ్లు. నా బిడ్డ కోసం మలిపిన్నని తెలిస్తె నా జీతం ఉంటదా? ఎక్కు."

నేను ఎక్కనన్నాను. ఇంటికి రానన్నాను. దారి మధ్యలో బురదలో కూర్చుని అరిచి అరిచి ఏడ్చాను. మా బాపు నన్ను రెండు చేతులతో ఎత్తి, పరుపుకు బురద అంటకుండా తన తువ్వాల పరిచి, దాని మీద కూర్చోబెట్టాడు. ఇంటికి తోలుకొచ్చాడు. దారి పొడుగునా ఆయన వీపు కదులుతూనే ఉంది. ఏడుస్తున్నాడని నాకు తెలుసు. అప్పుడు నాకు జాలి కలగలేదు. ఆ వీపు మీద గుద్దాలనిపించింది.

ఆ తర్వాత అందరికీ జరిగేవే నాకూ జరిగాయి. పెళ్ళి, పిల్లలు, నిజామాబాద్‌లో అద్దె ఇళ్ళు. దొరికిన పుస్తకమల్లా చదివాను. పొట్లం కట్టిన కాగితం కూడా చదివాను. పిల్లలకు చదువు చెప్పే చిన్న పని ఏదైనా ఇప్పించమని అడిగితే ప్రతిచోటా పది పాసయ్యావా అన్నారు. ఏడు రెండుసార్లు చదివానని చెప్తే నవ్వారు.

మొన్నీమధ్య బోధన్‌లో ఒక పెళ్ళికి వెళ్తే చిన్నదొరసాని కనిపించింది. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయిందట. నన్ను చూడగానే అందరి ముందూ గట్టిగా వాటేసుకుంది. ఆ ప్రేమలో కల్తీ లేదు, అది నాకు తెలుసు. మనవలను పిలిచి నన్ను చూపించింది.

"మేమిద్దరం ఒక్కటే కచ్చరం, ఒక్కటే బడి, ఒక్కటే బెంచీరా. ఇది నాకన్న మస్తు తెలివైంది. గని ఏడుతోటి ఇడిసిపెట్టింది. దీనికి సదువు మీద మనసు లేకుండె."

నా చేతిలో లడ్డూ ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టాను. "మనసు నాకుండెనే. ఎడ్లే మీయి" అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. "సూసిన్రా, ఎంత జోకులేస్తదో! చిన్నప్పటి సంది గింతే" అని మనవల వీపులు చరిచింది. ఆ పిల్లలు కూడా మర్యాదకు నవ్వారు. నిజం చెప్తే జోకంటారు, ఇంక ఈ మనుషులతో ఏం వేగుతాం?

ఆమె మీద కోపం లేదని పెద్దమనిషి తరహాలో చెప్పడం నాకు రాదు. ఉంది. పెద్దదొరసాని మీద ఉంది, పటేల్ నవ్వు మీద ఉంది, చనిపోయి ఇన్నేళ్ళయినా మా బాపు మీద కూడా ఉంది. ఇంత వయసొచ్చాక సిగ్గెందుకు, చెప్పేస్తున్నాను. ఎనిమిదో తరగతిలో బోర్డుకు ఎదురుగా ఒక్కరోజైనా కూర్చోవాలని నాకు ఇప్పటికీ ఉంది.